టంకశాల తప్పా, తర్వాతి దెబ్బా? పోలిక ట్రే తయారీ డైరీ

పని ఇదీ: గళ్లున్న చెక్క ట్రే ఒకటి. ఎడమవైపు టంకశాలలోనే తేడాపడి బయటికొచ్చిన నాణేలు. కుడివైపు అచ్చం అలాగే కనబడేలా చేత్తో పాడుచేసినవి. సంతలో ఎవరైనా "ఎర్రర్ కాయిన్ సార్, ఒక్క పీసే ఉంది" అని చేతిలో పెడితే దాన్ని ఆ రెండిటి మధ్యా పెట్టి చూడాలి. ఫోటోల్లో చూసి నేర్చుకున్నది లూప్ (కంటి దగ్గర పెట్టి చూసే చిన్న భూతద్దం) కింద అసలు నాణెం పడగానే సగం మర్చిపోతాం. పక్కన జత ఉంటే ఆ బెడద లేదు.

పాడుచేయడానికి ఏవి వాడాలన్నది మొదటి చిక్కు. చెలామణిలో ఉన్న నాణేన్ని కరిగించడం, నాశనం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. అందుకని 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయిన చిల్లరే తీసుకున్నాం: ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు పావలాలు 20 (19 మి.మీ., 2.83 గ్రా.), స్టీలు పది పైసలు 10 (16 మి.మీ., 2 గ్రా.), అల్యూమినియం పది పైసలు, ఇరవై పైసలు కలిపి 15. అర్ధరూపాయి జోలికి పోలేదు. కిరాణా కొట్లో తీసుకోకపోయినా అది ఇంకా చెల్లే నాణెమే.

1వ రోజు: బల్ల సర్దడం

0.01 గ్రా. చూపే నగల తూకం, దాన్ని సరిచూసుకోవడానికి 50 గ్రా. బాటు, డిజిటల్ వెర్నియర్, 10 రెట్ల లూప్, మెడ వంగే ఎల్ఈడీ దీపం, దారానికి కట్టిన చిన్న అయస్కాంతం, జామెట్రీ బాక్సులోని కోణమానిని, పంటిపుల్లలు. ఇంతే. మైక్రోస్కోపు లేకపోతే పని ఆగదు. తూకం లేకపోతే ఆగుతుంది.

తూచేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకపోతే రెండో దశాంశం నిలవదు. వెర్నియర్‌తో ఒక్కచోట కొలిచి వదిలేయకూడదు. నాణేన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు దిక్కులా కొలవాలి. సుత్తి దెబ్బ తిన్న నాణెం ఒక దిక్కున సరిగ్గానే ఉండి, అడ్డంగా కొలిస్తే దొరికిపోతుంది.

అసలు కొలతలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం. 2007 హస్తముద్ర రూపాయి 25 మి.మీ., 4.85 గ్రా. 2011 వరుసలో రూపాయి 22 మి.మీ., 3.79 గ్రా.; రెండు 25 మి.మీ., 4.85 గ్రా.; ఐదు 23 మి.మీ., 6 గ్రా.; పది 27 మి.మీ., 7.71 గ్రా. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కంటబడుతుంది. 2011 రెండు రూపాయలది అంతకుముందటి రూపాయి సైజే, 2011 రూపాయిది పాత స్టీలు అర్ధరూపాయి సైజే. "రూపాయి బిళ్ల మీద రెండు రూపాయల అచ్చు పడింది" అని అమ్మజూపే సరుకు సగం ఇక్కడే తేలిపోతుంది (ఈ డైరీలో బిళ్ల అంటే ఇంకా అచ్చు పడని లోహపు ముక్క). ఆ తర్వాత 2019 వరుసలో రూపాయి మళ్లీ చిక్కి 20 మి.మీ., 3.09 గ్రా. అయింది. దాన్ని పాత కొలతతో పోల్చి "తూకం తక్కువ ఎర్రర్" అనేవాళ్లూ ఉన్నారు.

ఐదు రూపాయలది ఇంకో తిరకాసు. 1992 నుంచి వచ్చిన మందపాటి కుప్రో నికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) ఐదు 9 గ్రా., అయస్కాంతానికి అంటదు. 2007లో స్టీలు ఐదు వచ్చింది: 6 గ్రా., టక్కున అంటుకుంటుంది. కాబట్టి 2007 నాటి ఐదు అయస్కాంతానికి అంటితే అది తప్పుడు బిళ్ల కాదు, ఆ ఏడాది మామూలు నాణెమే. బిళ్ల లోహం మీద అనుమానం తీరకపోతే నీటి తూకం వేయాలి: తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో గ్లాసు అడుగు తగలకుండా ముంచాలి. అప్పుడు చూపే గ్రాములతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. 9 గ్రా. కుప్రో నికెల్ ఐదుకు సుమారు 1.01, స్టీలు ఐదుకు సుమారు 0.78 చూపాలి. నాణెం మీద గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. ముంచే ముందు సబ్బు నీళ్లతో తడపాలి.

2వ రోజు: నాణెం పుట్టే వరుస

ట్రేలో గళ్లకు పేర్లు పెట్టే ముందు ఇది రాసుకోవాల్సి వచ్చింది. లోహపు పట్టీ నుంచి గుండ్రటి బిళ్ల కోస్తారు. అంచు లేపే మిషన్లో దొర్లిస్తారు. కాల్చి మెత్తబరుస్తారు, శుభ్రం చేస్తారు. తర్వాత ప్రెస్సులో కింద ఒక డై (బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు), పైన ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉంగరం. ఒకే దెబ్బకు బొమ్మ, బొరుసు, అంచు మూడూ తయారు. తేడా ఏదైనా ఈ వరుసలో ఎక్కడో ఒకచోట పుట్టాలి. పుట్టగలిగే చోటు చూపలేకపోతే అది డ్యామేజీ గడిలోకి పోతుంది.

గోడ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిన రెండో మాట: డై మీద గుంట పడితే నాణెం మీద గడ్డ లేస్తుంది. డై పగిలితే నాణెం మీద సన్నటి ఉబ్బు గీత వస్తుంది. డై అంచు ముక్క ఊడిపోతే నాణెం అంచున బొమ్మ లేని గడ్డ మిగులుతుంది. నాణెం మీద లోపలికి దిగిన గీత అయితే, రెండు పక్కలా లోహం కట్టలా లేచి ఉంటే అది గీరుడే. కట్ట లేకుండా నున్నగా దిగి ఉంటే మాత్రం ఆగాలి. డైకీ బిళ్లకూ మధ్య తీగో, దారమో, గ్రీజు ముద్దో పడి అచ్చయి ఉండొచ్చు.

ఇదంతా మిషను నాణేలకే. విజయనగర వరాహాలు, మొఘల్ రూపాయలు, యంత్రం రాకముందు నిజాం హాలీ సిక్కాలు సుత్తితో కొట్టినవి. వాటిలో డై బిళ్ల కంటే పెద్దది, అచ్చు పక్కకు పోవడం మామూలు. వాటికి "ఆఫ్ సెంటర్ ఎర్రర్" అని ధర చెప్పడం అన్యాయం. హైదరాబాదులో 1903లో సైఫాబాద్ టంకశాల వచ్చాక కొట్టిన చార్మినార్ రూపాయలకు మాత్రం ఈ లెక్కలు వర్తిస్తాయి.

3వ రోజు: కోత బిళ్ల

పట్టీ ముందుకు సరిగా జరగకపోతే కోసే పంచ్ అంతకుముందు కోసిన బొక్క మీద కొంత పడుతుంది. బిళ్లకు నెలవంక ఆకారంలో ముక్క పోతుంది. దీన్ని అనుకరించడం చాలా తేలిక. అందుకే బజార్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

నాలుగు పావలాలు తీసుకున్నాం. రెండిటిని గుండ్రటి ఆకురాయితో రాశాం, ఒకదాన్ని హ్యాక్సా బ్లేడుతో కోశాం, ఇంకోదాన్ని కోసి గరుకు కాగితంతో నునుపు చేశాం. పదో వంతు ముక్క పోతే బరువు 2.55 దగ్గర ఉండాలి. బరువు తగ్గడం అసలు నాణేనికీ, నకిలీకీ సమానమే కాబట్టి తూకం ఇక్కడ ఏమీ తేల్చదు.

తేల్చేది కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు. అసలు కోత బిళ్లను అంచు లేపే మిషన్లో దొర్లించినప్పుడు, ముక్క లేని వైపు గాడిలో ఆనేది ఏమీ ఉండదు. దాంతో ఎదుటి వైపుకూ ఒత్తిడి అందదు. అక్కడ అంచు లేవదు. అచ్చయ్యాక కూడా ఆ భాగం పలచగా, మసకగా, ఒక్కోసారి అసలే లేకుండా ఉంటుంది. దీన్ని నాణేల వాళ్లు బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. మనం కోసిన పావలాల్లో ఎదుటి అంచు నిండుగా, బలంగా నిలబడి ఉంది. అది పూర్తి బిళ్లగా పుట్టి, అంచు లేచి, అచ్చయి, ఆ తర్వాత కోత పడిన నాణెం.

రెండో ఆనవాలు కోత దగ్గరి అక్షరాలు. కాలర్ వరకు నిండడానికి లోహం ఖాళీ వైపు జారుతుంది కాబట్టి, అసలు కోత పక్కనున్న అక్షరాలు దాని వైపు కొంచెం సాగి, ఎత్తు తగ్గి, కరిగినట్టు ముగుస్తాయి. మనం కోసిన దానిలో ఖడ్గమృగం కాలు రంపం పెట్టిన చోట కత్తిరించినట్టు ఆగిపోయింది. ఆ కాలు ఎత్తు చివరి వరకు తగ్గలేదు. కోసిన గోడ మీద లూప్ పెడితే సమాంతరంగా ఆకురాయి గీతలు, పై అంచున పంటిపుల్లకు తగిలే గరుకు. నునుపు చేసిన దానిలో గరుకు పోయింది గానీ, ఆ గోడ నాణెం మిగతా అంచు కంటే మెరుస్తోంది. పాత నాణెం మీద కొత్త మెరుపు కనిపించిందంటే తర్వాత చెయ్యి పడ్డట్టే.

చాలా చిన్న కోతల్లో ఎదుటి అంచు బలహీనపడదు. అంచు నిండుగా ఉందని ఒక్క దానితో తీసిపారేయకుండా అక్షరాల సాగుడు కూడా చూడాలి. రెండూ లేకపోతే డ్యామేజీ గడి.

4, 5 రోజులు: వైస్‌లో నొక్కిన ఖడ్గమృగం

బ్రాకేజ్ అంటే అచ్చయిన నాణెం ఒకటి బయటికి పోకుండా డైకి అంటుకుపోయి, తర్వాతి బిళ్ల దాని మీదే అచ్చవడం. అప్పుడు ఆ బిళ్లకు ఒక పక్క మామూలు బొమ్మ, రెండో పక్క అదే బొమ్మ తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. ధర పలికే ఎర్రర్ ఇది. అందుకే వైస్‌లో (బల్లకు బిగించే ఇనప పట్టకంలో) నొక్కినవి దీని పేరుతో తిరుగుతుంటాయి.

ముందు రెండు స్టీలు పావలాలు ఎదురెదురుగా పెట్టి 6 అంగుళాల బెంచ్ వైస్‌లో బిగించాం. ఏమీ పడలేదు. తర్వాత ఆలోచిస్తే కారణం సులువే: నాణేనికి అంచు పెట్టేదే బొమ్మను కాపాడటానికి. ఒకే సైజు నాణేలు రెండు ఎదురెదురైతే అంచులే ముందు తగులుతాయి, బొమ్మలు కలవవు. పైగా స్టీలు స్టీలుకు లొంగదు.

రెండో ప్రయత్నంలో అల్యూమినియం ఇరవై పైసల మీద స్టీలు పావలా పెట్టి బిగించాం. తిరగబడ్డ ఖడ్గమృగం చక్కగా దిగింది. తొలి చూపుకు ఎవరైనా మోసపోతారు. లూప్ కింద మూడు చోట్ల బండారం బయటపడింది. ఒకటి, ఖడ్గమృగం కింద పాత 20 అంకె నలిగి ఇంకా కనబడుతూనే ఉంది. అసలు బ్రాకేజ్‌లో ఆ పక్క సొంత బొమ్మ అంటూ ఎప్పుడూ అచ్చు కాలేదు, నలగడానికి ఏమీ ఉండదు. రెండు, పావలా అంచు పడిన గుండ్రటి గాటు ఖడ్గమృగం కంటే ఎంతో లోతుగా దిగింది. మూడు, వెనకవైపు సింహాలు చప్పగా అణిగి, వాటి మీద వైస్ దవడ గళ్లు అచ్చయ్యాయి.

5వ రోజు ఆ గళ్లు రాకుండా తోలు ముక్క పెట్టి మళ్లీ నొక్కాం. గళ్లు పోయాయి, అణిగిన సింహాలు పోలేదు. పైగా ఈసారి వెనకవైపు కొంచెం ఉబ్బింది. ఇంతకంటే సులువైన ప్రశ్న ఇంకోటి ఉంది: దిగిన బొమ్మ ఏది? బొమ్మ వైపు సింహాలు ఉంటే బొరుసు వైపు కూడా తిరగబడ్డ సింహాలే దిగాలి. బొమ్మ వైపు సింహాలు, వెనక తిరగబడ్డ ఖడ్గమృగం అని ఎవరైనా చూపిస్తే లూప్ తీయాల్సిన పనే లేదు.

6వ రోజు: పలచని బిళ్ల, సోడాలో కరిగిన బిళ్ల

పలచని బిళ్లకు జత చేయడానికి: 100 మి.లీ. నీళ్లలో 5 గ్రా. కాస్టిక్ సోడా. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. గాజు గిన్నె, చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఆరుబయట. అల్యూమినియంతో హైడ్రోజన్ పుడుతుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. అల్యూమినియం పది పైసలు మూడు వేసి 10 నిమిషాలకొకసారి తీసి, కడిగి, ఆరబెట్టి తూచాం.

బరువు తగ్గుతూ పోయింది, మందం తగ్గింది. కానీ వ్యాసం కూడా తగ్గింది. అదే పట్టిచ్చేది. పలచటి పట్టీ నుంచి పుట్టిన బిళ్ల కాలర్లో అచ్చవుతుంది కాబట్టి వ్యాసం పూర్తిగా ఉంటుంది, లోహం చాలక బొమ్మలో ఎత్తు భాగాలు మాత్రం నిండవు. కరిగిన నాణెంలో బొమ్మ అంతా ఉంటుంది, కానీ అన్నిచోట్లా ఒకేలా అరిగి, అక్షరాల మూలలు గుండ్రమై, నేల చక్కెర పొడి చల్లినట్టు గరుకుగా మారుతుంది. పది పైసల అంచుకున్న అలల వంపులు కూడా మొద్దుబారాయి.

గోదావరి వంతెన మీద రైల్లోంచి వేసి, తర్వాత నీళ్లలోంచి తీసిన నాణేలు ఈ రకంగానే కనిపిస్తాయి. వాటిని "వీక్ స్ట్రైక్" (దెబ్బ చాలక అచ్చు మసకగా పడ్డవి) అనుకోకూడదు. ఒక్క ముఖమే ఎక్కువ తినేసి ఉంటే ఇసుకలో ఆ వైపు ఆనుకుని పడి ఉందని అర్థం.

7వ రోజు: రెండుగా కనబడే అక్షరాలు

ఇది చేత్తో తయారుచేసేది కాదు. కుడి గడిలో మెషీన్ డబ్లింగ్ ఉన్న మామూలు రూపాయి పెట్టాం. అచ్చు పడ్డ క్షణంలో డై కాస్త వదులుగా ఉండి పక్కకు జరిగితే, అప్పుడే లేచిన అక్షరం పక్క భాగం నొక్కుకుపోతుంది. అక్షరం పక్కన చప్పటి మెట్టు ఏర్పడుతుంది, ఆ మెట్టు మేరకు అక్షరం సన్నబడుతుంది. ఇది టంకశాలలోనే జరిగినా సేకరణలో దీనికి విలువ లేదు.

అసలు డబుల్ డైలో అచ్చు డై తయారీలోనే రెండుసార్లు పడింది. అక్షరం సన్నబడదు, లావెక్కుతుంది. రెండో అక్షరం కూడా గుండ్రటి భుజంతో లేచి ఉంటుంది. రెండిటి మూలలు కలిసే చోట చిన్న గంటు కనిపిస్తుంది. లూప్ కింద దీపాన్ని తిప్పుతూ చూస్తే మెట్టు ఒకే కోణంలో భగ్గున మెరిసి ఆరిపోతుంది, గుండ్రటి భుజం మెల్లగా మెరుస్తుంది. తేడా తెలియకపోతే ఎక్కువ డబ్బు పోయేది ఈ గడిలోనే.

8వ రోజు: తిరిగిన డై

మన నాణేలు బొమ్మ, బొరుసు రెండూ ఒకే దిక్కున నిటారుగా ఉండేలా అచ్చవుతాయి. పుస్తకం పేజీ తిప్పినట్టు తిప్పితే రెండో పక్క కూడా నిటారుగా కనబడాలి. కింది నుంచి పైకి తిప్పి, తలకిందులుగా కనబడితే "180 డిగ్రీల ఎర్రర్" అనుకోవడం మామూలు పొరపాటు.

కొలవడానికి: నాణెం దాచే చిన్న ప్లాస్టిక్ కవరు, అంటే పారదర్శక ఫ్లిప్‌లో నాణెం పెట్టి, బొమ్మ నడిమి రేఖకు తిన్నగా పై అంచున, కింది అంచున మార్కర్‌తో గీతలు పెట్టాలి. పేజీ తిప్పినట్టు తిప్పి బొరుసు నడిమి రేఖ ఆ గీతల నుంచి ఎంత వాలిందో కోణమానినితో చూడాలి. రెండు మూడు డిగ్రీల వాలును నమోదు కూడా చేయడం లేదు.

దీన్ని చేత్తో చేయాలంటే రెండు నాణేలు చెక్కి అతకాలి. అదే పనితో "రెండు పక్కలా బొమ్మే" ఉన్న నాణేలు కూడా తయారవుతాయి. ఒకదాన్ని గిన్నెలా తొలిచి, రెండోదాన్ని అరగదీసి లోపల కూర్చుతారు. అతుకు అంచుకు లోపలి వైపున వెంట్రుక గీతలా కనబడుతుంది. గ్రానైట్ గట్టు మీద వేస్తే ఖణేల్‌మనదు, టప్‌మంటుంది.

9వ రోజు: పది రూపాయలు

ఇవి చెల్లే నాణేలు, పాడుచేసేది లేదు. ఎవరో పాడుచేసినవే కుడి గడిలోకి. అప్పటికి వచ్చిన 14 డిజైన్లు అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో చెప్పింది. కాబట్టి డిజైను తేడాను ఎర్రర్ అనే మాటే లేదు.

ముఖ్యమైన సంగతి: బయటి రింగు, మధ్య బిళ్ల విడివిడిగా వచ్చి, ఒకే దెబ్బకు కలిసి అచ్చవుతాయి. కాబట్టి రింగు మీది అక్షరాలు తిన్నగా ఉండి మధ్యలో సింహాలు వాలి ఉంటే, బిళ్ల తర్వాత వదులై తిరిగిందని అర్థం. డై తిరిగి ఉంటే ఒక ముఖం మొత్తం, రింగు బిళ్ల కలిసి వాలుతుంది. మధ్య బిళ్ల లేని రింగులో బొక్క లోపలి అంచు చూడాలి. బిళ్ల లేకుండా అచ్చయితే లోహం ఖాళీలోకి జారి అంచు కొంచెం లోపలికి ఉబ్బి, వంకరగా ఉంటుంది. బిళ్లను తర్వాత కొట్టి తీసేస్తే గోడ నిటారుగా, బిళ్ల పట్టుకున్న గాడి గుర్తుతో, ఒక పక్కకు గీరుకుపోయి ఉంటుంది.

10వ రోజు: చిల్లర గళ్లు

గ్యాస్ మంట మీద స్టీలు పావలా: ముందు బంగారు రంగు, తర్వాత ఊదా, నీలం. అంచు ముందు రంగెక్కింది. ఇలాంటివే "గోల్డ్ రూపాయి" పేరుతో వస్తాయి. పూత వేసినవైతే బరువు కొంచెం ఎక్కువ, అంచు గీతల్లో పూత ముద్దకట్టి ఉంటుంది.

సంవత్సరం కింది గుర్తులు: హైదరాబాదుది నక్షత్రం, నోయిడాది చుక్క, ముంబైది వజ్రం, కోల్‌కతాకు గుర్తు లేదు. డైలో గ్రీజు నిండితే నక్షత్రం కొసలు పోయి చుక్కలా కనబడుతుంది, అలాంటిది నోయిడా నాణెం కాదు. గుర్తును గీకి తీసేస్తే ఆ చోట నేల పల్లమై సన్నటి గీతలు ఉంటాయి. గ్రీజు వల్ల పోయినదైతే నేల మెరుపు ఆగకుండా సాగుతుంది.

ఫోటోలు తీసేటప్పుడు ఒక దెబ్బ తిన్నాం. దీపం కింది నుంచి పడ్డ ఫోటోలో లోపలికి దిగిన గీతలు ఉబ్బినట్టు కనిపించాయి. రెండు గీరుళ్లు "డై క్రాక్" గడిలోకి పోయాయి, మళ్లీ తీశాం. ఇప్పటి నుంచి ప్రతి ఫోటోకూ దీపం ఎడమ పైన, నేలబారుగా. అనుమానం ఉంటే పంటిపుల్ల కొసతో తడిమి చూడటమే. గుండుసూది వద్దు, అదే కొత్త డ్యామేజీ అవుతుంది. చింతపండు, బూడిద, ఇత్తడి సామాను తోమే పొడి బల్ల దరిదాపుల్లో ఉండకూడదు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్లో రాత్రంతా నానబెట్టి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టడం వరకే.

తేలనివి రెండు. మొదటిది పైపొర పెచ్చులా లేచిన ఐదు రూపాయలు. పెచ్చు కింద పట్టీ సాగిన దిశలో గీతలు ఉంటే లోహంలో పొర లోపం, అడ్డదిడ్డంగా ఉంటే ఉలి. పెచ్చు ఇంకా ఊడలేదు, ఊడదీయం కూడా. రెండోది నెలవంకలా కాక తిన్నగా కోత పడ్డ రెండు రూపాయల నాణెం. కోతకు ఎదుటి అంచు సగం బలం, సగం మసక. రెండిటికీ ఫ్లిప్ మీద రాసింది: బరువు, నాలుగు దిక్కుల వ్యాసం, అయస్కాంతం అంటిందా లేదా, ఫోటో నంబరు, ఎడమ గడి కాదు, కుడి గడి కాదు. ట్రే చివరి వరుసలో మధ్య గళ్లు రెండు వీటికి వదిలాం.